కూచిపూడికి ఎడ్ల గజ్జెలు

చాయ్ తాగుతూ చదువుతుంటే గ్లాసు కింద పెట్టండి, మీద పోసుకుంటే నా పూచీ లేదు. బీదర్ కోటలో నేను చేసిన ఘనకార్యం అలాంటిది.

ఆ కోటలో ఏటా నాట్య సంగీత ఉత్సవం జరుగుతుంది. ఆ ఏడు మా అక్క కూతురు గౌరి మొదటిసారి అక్కడ కూచిపూడి ఆడాలి. పదేళ్ల పిల్ల, నిద్రలో కూడా కాళ్లాడించేది. పొద్దున్నే తల్లీకూతుళ్లు బస్సెక్కారు. మధ్యాహ్నం అక్క ఫోన్.

"తమ్మీ, పిల్ల గజ్జెల సంచి మరిచినం. అర్రల మేకుకున్నది. జర జల్ది తే!"

గదిలో మేకుకు సంచి ఉంది. ఊపి చూశాను, ఘల్లుమంది. ఇంకేం కావాలి? మా మొగుడంపల్లి నుంచి బండి మీద గాలిలా పోయాను.

తెర వెనక టీచరమ్మ సంచి విప్పింది. లోపల మా ఎడ్ల మెడపట్టీలు! పిల్ల సంచి దీని వెనకే వేలాడి ఉంటుంది. ఒక్కో గజ్జె నిమ్మకాయంత. చూసి రమ్మంటే కాల్చి వచ్చినవాడు హనుమంతుడు, తెచ్చి ఇమ్మంటే ఎడ్లవి తెచ్చినవాణ్ని నేను.

"ఏందివి?" అంది టీచరమ్మ.

"గజ్జెలే మేడం. జర పెద్ద సైజు."

"నీ తలకాయల ఏమున్నదిరా తమ్మీ!" అని అక్క నెత్తి కొట్టుకుంది.

మిగతా పిల్లలంతా గజ్జెలు కట్టుకుని వరుసలో నిలబడ్డారు. గజ్జెల్లేని పిల్ల కింద కూర్చోవాల్సిందే అంది టీచరమ్మ. గౌరి ఏడవలేదు, పెదవి మాత్రం వణికింది. అంతే, భుజం మీది తువ్వాల లాగాను. చింపి దాని చీలమండలకు మెత్తగా చుట్టి, పైన పట్టీలు బిగించాను.

"మామా, బరువున్నయి."

"ఎడ్లు దినమంత మోస్తయి బిడ్డా."

"నేను ఎద్దునా?"

"కాదు. ఎద్దు గిన్ని ప్రశ్నలడగది."

ఫక్కున నవ్వి వేదికెక్కింది.

మొదటి అడుగుకే కోట గోడలు దద్దరిల్లాయి. మద్దెలాయన చెయ్యి గాల్లోనే ఆగింది. ముందు వరుసలో ఒక రైతు వెనక్కి తిరిగి, "ఎవరి ఎడ్లొచ్చినయిరో!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. పిల్ల ఆగలేదు. చెమటలు కారుతున్నా అడుగు తప్పలేదు. కాసేపటికి ఆ నవ్వినవాళ్లే చప్పట్లతో తాళం వేశారు.

దిగిరాగానే నా మెడకు చుట్టుకుంది. "మామా, గివి నావి. ఇయ్య!"

అన్నట్టే గౌరి ఇవ్వనూ లేదు. ఆ ఏడు ఎడ్ల పండుగకు మా కోడెలు కూచిపూడి గజ్జెలతో ఊరేగాయి. నాన్న నాతో మాట్లాడటం మానేసి ఎడ్లతోనే మాట్లాడాడు.

కోట సాక్షిగా ఒట్టు. ఇకమీదట విప్పి చూడనిదే ఉప్పు పొట్లం కూడా మోయను. అయినా రేపెప్పుడైనా గౌరి పెళ్లికి పుస్తెలు తెచ్చే పని మాత్రం నాకు చెప్పకండి. మా ఎడ్ల మెడకు కట్టే పలుపులూ ఆ మేకుకే ఉంటాయి.