సుజాతక్క చేతులకు ఏమీ కాలేదు

ఈ ఉదయం కోదాడలోని మా డీటీపీ షాపులో కొత్త సాఫ్ట్‌వేర్ వేశాను. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే కీబోర్డు ముందే పెట్టి ఉంది. అదే సులువు కదా అని అలాగే వదిలేశాను.

సుజాతక్క ఇరవై రెండేళ్లుగా మా దగ్గర పాత టైప్‌రైటర్ పద్ధతిలో, కీబోర్డు వైపు చూడకుండా కొడుతుంది. మునగాల నుంచి వచ్చిన పెద్దాయన పెళ్లి పత్రిక చదువుతుంటే కొట్టడం మొదలుపెట్టింది. పెళ్లికూతురు పేరు ఉండాల్సిన చోట పిచ్చి అక్షరాలు పడ్డాయి. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ అవే. కీబోర్డు మీంచి చేతులు తీసి చూసుకుంది.

"నా చేతులకేమో అయింది తమ్మీ. పొద్దుగాల మంచిగనే ఉంటి. జర దవాఖానకు పోయొస్త," అంది మెల్లగా.

"నీ చేతులకేం కాలే అక్కా. నేనే కీబోర్డు మార్చిన."

"మార్చేముందు నాకొక్క మాట చెప్తే ఏం పోయేది?"

పాత పద్ధతి తిరిగి పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పత్రిక ఎప్పటిలాగే చకచకా పూర్తి చేసింది.  సాయంత్రం ఇంటికొచ్చినా ఆమె అడిగిన మాటే గుర్తొచ్చి నాకు కుదురుగా లేదు. మీ ఆఫీసుల్లో ఇలాంటివి మార్చేముందు మిమ్మల్ని ఎవరైనా అడుగుతారా, లేక అందరూ నాలాంటి తెలివిమంతులేనా?