అమ్మ చేతి రొట్టె, వాళ్ల పొయ్యి

నిన్న ఎమ్మిగనూరు నుంచి ఫోనులో ఒక సందేశం వచ్చింది. మా అమ్మ ఉంటున్న వృద్ధుల ఇంటిని నడిపే ఆమె పంపింది. "అన్నా, మా ఇంటి గురించి మీ ఇంట్లోళ్ల అభిప్రాయం నాలుగు మాటలు రాసియ్యండి. పుస్తకాలు సదివినోళ్లు, బాగా రాస్తారు." నిజమే, తొమ్మిదో తరగతితో బడి మానినా, ఆదోని గ్రంథాలయంలో మూడు బీరువాలు అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. అయినా పొద్దున్నుంచి కూర్చుంటే నాలుగు మాటలు రాలేదు. ఇల్లు శుభ్రం, తిండి రుచి, మనుషులు మంచివాళ్లు. ఆ మంచితనమే నాకు కంటగింపు. ఈ మాట అభిప్రాయంగా రాయలేం కదా.

నాలుగేళ్ల కిందట అమ్మ స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది కానీ నడక మందగించింది. నేను ఒక ఆరోగ్య పుస్తకం రెండుసార్లు చదివి, పెద్ద వయసుకు విశ్రాంతే మందని తేల్చి, ఇంట్లో చట్టం చేశాను: అమ్మ చీపురు పట్టకూడదు, పొయ్యి దగ్గరికి రాకూడదు. ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుతోనే మా వీధిలో తెల్లవారేది. ఆ చేతుల్ని ఒళ్లో పెట్టించి కూర్చోబెట్టాను. చుట్టాలంతా మెచ్చుకున్నారు. సాయంత్రాలు పక్కన కూర్చుని కథలు చదివేవాణ్ణి. రెండో పేజీకే ఆమెకు నిద్ర పట్టేది. విశ్రాంతి బాగా పనిచేస్తోందనుకునేవాణ్ణి.

మరుసటి ఏడు నా భార్యకు ఆపరేషన్ కావడంతో, రెండు నెలలకని అమ్మను ఎమ్మిగనూరులో చేర్చాను. మగ్గాల వీధి వెనక చిన్న అద్దె ఇల్లు, ఎనిమిది మంది పెద్దవాళ్లు. కోసిగిలో ఉండే మా పిన్ని, "కన్నతల్లిని ఊరోళ్ల సేతిలో పెట్టినావు గదరా!" అని ఫోనులోనే ఏడ్చింది.

రెండు నెలలు నిండిన ఆదివారం అమ్మను తీసుకురావడానికి వెళ్లాను. వసారాలో, తండ్రిని చూడడానికి పత్తికొండ నుంచి వచ్చిన ఒకాయన టమోటాల బుట్టతో కూర్చున్నాడు. "మా నాయన ఇంటికాడ నోరు తెరిసేవాడు కాదప్పా. ఈడ ఈ ఇల్లు నడిపే ఆమెతో పొద్దంతా ముచ్చట్లే. నేను తెచ్చిన టమోటాలు గూడా ముందు ఆమెకే ఇస్తాడు" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ముక్కూముఖం తెలియని ఆ మనిషి నాకు సొంత అన్నలా తోచాడు.

వంటింట్లో కుర్చీ ఎత్తుకు సరిగ్గా బల్ల వేసి ఉంది. అమ్మ దాని మీద రొట్టె తడుతోంది. ఆ ఇంటామె పెనం దగ్గర నిలబడి, "ఏందవ్వా, ఈ పొద్దు ఇంత మందం సేసినావు? కొడుకు వస్తాండాడని సేయి వణికిందా?" అంటోంది.

"వాడికి మందమే ఇష్టం. నీకేం తెల్సు, కాల్సు!" అని అమ్మ కసిరింది.

మా ఇంట్లో అమ్మను ఎవరూ వేళాకోళం చేయరు; కాబట్టి ఆమెకు కసిరే పనీ పడదు. వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే ఓర్వలేక మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.

"అమ్మా, ఈ పనులు నీకు కూడదు. పుస్తకంలో ఏమని ఉందంటే..."

"ఆ రాసినోడికి రొట్టె సేసేదొచ్చునా?" అంది తలెత్తకుండా.

రెండు రొట్టెలు, శెనక్కాయల కారం పెట్టింది. ఎన్నాళ్లకో ఆ రుచి. తింటూనే, "ఇంటికి పోదాం పా" అన్నాను.

"వస్తా. ఆడ పొయ్యి కాడికి రానిస్తావా?"

ఊఁ అంటే చాలు. కానీ ఆమె జారిపడిన తడి నేల గుర్తొచ్చింది. పైగా ఆ ఇంటామె వింటోంది. ఆమె ఎదుట నా చట్టం తప్పని ఒప్పుకోవాలి. "డాక్టరును అడిగి చెప్తా" అన్నాను.

"అడుగు నాయనా" అని మూడో రొట్టె వేసి, అమ్మ అటు తిరిగింది. "ఏమ్మే, మాపటికి పిండి ఉందా?"

డాక్టరు ఆ వారమే సరేనన్నాడు. పరుగున వెళ్లి చెప్పాను. అప్పటికే అమ్మ, కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మకు రొట్టె తట్టడం నేర్పుతోంది. సాయంత్రం ఆ టీచరమ్మ కథలు చదువుతుందట, అమ్మ చివరిదాకా మేలుకుని వింటుందట. "ఈమెకు వచ్చినాక వస్తాలే నాయనా" అంది.

మూడేళ్లయినా టీచరమ్మకు రొట్టె రాలేదు. నేను ప్రతి ఆదివారం చుట్టంలా వెళ్లి, తిని, బస్సెక్కి వస్తున్నాను. ఆ రోజు నేను అడిగింది ఒక్క వారం గడువే. పెద్దవాళ్లు మన కోసం ఆగగలిగే కాలం అంతకన్నా చిన్నదని అప్పటికి నాకు తెలియదు.