జాంబీలు నేర్పిన నడక

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ నేలమీద కాలు మోపనని భీష్మించుకు కూర్చుంది. కాట్రేనికోనలో రొయ్యల చెరువు గట్లమీద పొద్దస్తమానం తిరిగిన మనిషి, అమలాపురంలో మా ఇంటికి వచ్చి మంచం దిగనంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు నడిపించకపోతే కీలు బిగుసుకుపోతుందనీ, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరనీ డాక్టరు గారు గట్టిగానే చెప్పారు. అమ్మకి అది పట్టలేదు. కసరత్తులు చేయించడానికి వచ్చే అమ్మాయికి కాఫీ ఇప్పించి, వాళ్ళది ఏ ఊరో అడిగి, ఎక్కడో ఒక చుట్టరికం కలిపి, కాలు ముట్టుకోనివ్వకుండా సాగనంపేది. నేను బతిమాలాను, కేకలేశాను, అలిగి మాట్లాడ్డం మానేశాను. నా మాట ఏనాడు విన్నది గనక.

బడికి వేసవి సెలవులు. సెలవుల్లో పాఠాలు చెప్పే గొడవ ఉండదు కాబట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో కూర్చుని టీవీలో అమెరికావాళ్ళ జాంబీల సీరియల్ చూడ్డం నాకు అలవాటు. ఏదో మాయరోగం వచ్చి లోకమంతా చచ్చిపోతుంది. చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళని పీక్కుతింటారు. మిగిలిన గుప్పెడు మందీ ఊళ్ళు పట్టుకుని పారిపోతుంటారు. వాళ్ళలో కూతురు తప్పిపోయిన ఒక నర్సు ఉంటుంది. సీజన్ల మీద సీజన్లు వస్తూనే ఉంటాయి, కథ మాత్రం తెమలదు. తెలుగు మాటలు పెట్టారు కాబట్టి గదిలో ఉన్న అమ్మకి అన్నీ వినిపించేవి. మొదటిసారి ఆ మూలుగులు విని, ఎవరికి బాగోలేదని కంగారుగా అడిగింది.

కథ చెప్పాక ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ నర్సమ్మ కూతురు దొరికిందా? తలుపు కొడుతున్నది మనిషా, శవమా? కావాలంటే వచ్చి చూసుకోమన్నాను. పాపం, టీవీ ఆవిడ గదిలో పెట్టేద్దామని మా ఆయన లేవబోతే కళ్ళతోనే కూర్చోబెట్టాను.

ఒకనాడు నర్సమ్మ ఎవరిదో చంటిపిల్లతో ఒక గోదాములో చిక్కుకుపోయింది. బయట జాంబీల మంద. నా వెనక, గదిలో, వాకరు చప్పుడైంది. తల తిప్పితే మళ్ళీ మంచం ఎక్కేస్తుందని కదలకుండా కూర్చున్నాను. అమ్మ గుమ్మం దాకా వచ్చి, ఆయాసపడుతూ, టీవీలో కాళ్ళీడ్చుకుంటూ వస్తున్న ఆ మందని కాసేపు చూసింది.

“చచ్చిపోయినోళ్ళే నడిచేత్తన్నారు కదే. నాకేమొచ్చింది?”

ఒక కుర్చీ ఆవిడ దగ్గరికి జరిపాను.

అప్పట్నించి అమ్మ ఒక్క ఎపిసోడూ వదల్లేదు. నేను ఆ కుర్చీని రోజూ కాస్త కాస్త దూరం జరిపేదాన్ని, ఆవిడ నన్ను తిట్టుకుంటూనే అక్కడిదాకా నడిచేది. కూర్చున్నాక ఇక నోటికి తాళం లేదు. ఆ దేశంవాళ్ళకి బుర్ర లేదని తేల్చేసింది. గోదారి మధ్య మన లంకల్లోకి వచ్చి, రేవు దాటించే పంటు ఆపేసుకుంటే ఏ శవం గోదారి దాటుతుందని అడిగేది. చేపలు పట్టుకోవడం, చెట్టెక్కి కాయ దింపుకోవడం చేతకాక ఆ డబ్బా తిండి తినడమేమిటని చిరాకుపడేది. బొమ్మ ఆపించి మరీ వాదించేది. మా క్లాసులో పిల్లలే నయం. ఇంట్లో అంత నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

ఆ సీజన్ అయిపోయిన మర్నాడు, బజారునుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వాకరు మాత్రం పక్కనే ఉంది. ఎక్కడ పడిపోయిందోనని బాత్రూములో చూశాను, పెరట్లో చూశాను. పక్కింట్లోంచి నవ్వులు వినిపిస్తే అటు పరుగెత్తాను. పక్కింటి పిన్నిగారు అరుగుమీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. వాకిట్లో మా అమ్మ మెడ పక్కకి వాల్చి, చేతులు ముందుకు చాపి, కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఆపరేషన్ చేసిన కాలికి ఏదో అయిందనుకుని కెవ్వుమన్నాను. అమ్మ ఆగి, నిటారుగా నిలబడి, నావైపు విసుగ్గా చూసింది.

“నాకేం కాలేదే. జాంబీ ఎలా నడుస్తాదో మీ పిన్నిగారికి సూపిత్తన్నాను.”

ఆ మాట అని, అడుగులు చక్కగా ఎత్తి వేసుకుంటూ నా ముందునుంచే మా ఇంటికి వెళ్ళిపోయింది. కుంటడానికి అమ్మ నటించాల్సి వచ్చిందని నాకప్పుడు వెలిగింది. ఆ అరుగుమీదే కూలబడి సంతోషంతో ఏడ్చేశాను.