మెట్ట వేదాంతం మావయ్య

"ఒరేయ్, మెట్ట వేదాంతం పోయాడ్రా" అని మొన్న పొద్దున బావ ఫోన్ చేశాడు. ముదినేపల్లిలో చేపల చెరువు దగ్గర మేత బస్తాలు దింపుతున్నాను. ఎవరు పోయారో అడగక్కర్లేకపోయింది. ఆ పేరు పెట్టింది నేనే.

కోడూరు నుంచి మోపిదేవి వెళ్లే దారిలో మీ బండి గాలి ఎప్పుడైనా దిగి ఉంటే, ఆయన పంక్చర్ల షాపు దగ్గర ఆగే ఉంటారు. వరసకేం కాడు, మా పక్కింటి మావయ్య. తొమ్మిదిలో బడి మానేసి, ఏ పనిలోనూ నెల నిలవకుండా తిరిగేటప్పుడు నేను ఆ షాపు బల్ల మీదే ఉండేవాణ్ణి.

"వాల్వు దగ్గరే పోతోందండీ" అని ఎవరన్నా అంటే, "అవ్వొచ్చండీ, ముంచి చూద్దాం" అనేవాడు. తొట్టి నీళ్లలో ట్యూబుని కొంచెం కొంచెంగా తిప్పేవాడు. బుడగ కనిపించినా ఆగడు. "ఒకటి దొరికిందని రెండోది లేదనుకోకూడదు" అని చుట్టంతా తిప్పేవాడు.

మాటల్నీ అంతే. దిష్టి తగిలి చెరువులో రొయ్యలు చచ్చిపోయాయని ఒకాయన అంటే, "పక్క చెరువులోవి బాగానే ఉన్నాయిగా, దాన్నెవరూ చూడలేదాండీ?" అన్నాడు.

ఓ మధ్యాహ్నం నా వంతు వచ్చింది.

"బడెందుకు మానేశావురా?"

"లెక్కల మాస్టారు కొట్టాడు."

"నిన్నొక్కణ్ణేనా?"

"పదిమందిని."

"మిగతా తొమ్మిదిమందీ మానేశారా?"

బల్ల మీదున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "పంక్చర్లేసుకునేవాడికి ఈ మెట్ట వేదాంతమెందుకు మావయ్యా!" అని అరిచాను.

ఆయన తొట్టిలోంచి చేతులు పైకెత్తి చూపించాడు. "మెట్టేంట్రా? మోచేతులదాకా తడిస్తేనూ!"

ఇంకా నవ్వారు. ఆ నవ్వుకి కసెక్కి, ఊరంతా తిరిగి ఆ పేరు ఆయనకి అంటించాను. చివరికి పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. ఆయన పలికేవాడు. నన్ను మాత్రం మళ్లీ ఏదీ అడగలేదు. వేదాంతమంటే పెద్ద పెద్ద మాటలనుకునేవాణ్ణి. తెలుసనుకున్నదాన్ని ఇంకోసారి ముంచి చూడటమని, ఆయన నన్ను అడగటం మానేశాకే అర్థమైంది.

తప్పయిందని చెబుదామని రెండుసార్లు వెళ్లాను. టైర్లలో గాలి నిండుగా ఉన్నా, గాలి కొట్టించుకుని వచ్చేశాను.

మొన్న నేను ఊరు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. షాపు మూసి ఉంది. తొట్టి బయటే ఉంది, నీళ్లు అలాగే ఉన్నాయి. పక్కన కూర్చున్నాను.

"మాస్టారు కొట్టిన దెబ్బ మర్నాటికే తగ్గిపోయింది మావయ్యా. నాకు లెక్కలు రావని అందరికీ తెలిసిపోయింది. అందుకే మానేశాను" అన్నాను.

ఒకటి దొరికింది. ఇంకా ఉన్నాయేమో. మోచేతులదాకా చేతులు ఆ నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాను.