ఎర్రదీపమూ, నీహారిక పలకా

1968 ఫిబ్రవరిలో నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌ని. ఎక్స్‌రే తీయడం, ఆ ఫిల్మును డార్క్‌రూములో కడగడం, ఆరబెట్టి డాక్టరుగారి బల్ల మీద పెట్టడం నా పని. అప్పటికి పన్నెండేళ్ళ సర్వీసు. డార్క్‌రూములో నాకు తెలియనిది ఉందంటే ఒప్పుకునే రకాన్ని కాదు.

కాలేజీలో ఫిజిక్సు చెప్పే నరసింహంగారు ఒకరోజు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాల్తేరులో తెలిసినవారి దగ్గర ఒక టెలిస్కోపు, దానికి బిగించే కొత్తరకం కెమెరా వారం రోజులకు అడిగి తెచ్చుకున్నారట. వరుసగా మూడుండే గొల్లకావడి చుక్కలకు కాస్త కిందుగా మసగ్గా కనిపించే నీహారికను ఫోటో తీయాలని ఆయన కోరిక. నీహారిక అంటే మబ్బులా పరుచుకున్న వాయువనీ, చుక్కలు అందులోంచే పుడతాయనీ చెప్పారు. కెమెరాకు సరిపడే గాజు పలకలు రెండే ఉన్నాయి. ఊళ్ళో మా డార్క్‌రూముకంటే శుభ్రమైనది లేదని, కడిగే పని నాకు అప్పగించారు.

గడువు ఇంక ఒక్కరోజు ఉందనగా మొదటి పలక తెచ్చి ఇచ్చారు. అది ఎరుపు వెలుతురును కూడా పట్టే పలక అనీ, ఎర్రదీపమైనా లేకుండా కటిక చీకట్లో కడగాలనీ మరీ మరీ చెప్పారు. ఎక్స్‌రే ఫిల్మును ఎర్ర వెలుతురు ఏమీ చేయదు. అందుకే మా డార్క్‌రూములో ఆ దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పుస్తకాల మనిషి, డార్క్‌రూము సంగతి ఈయనకేం తెలుసులే అనుకుని దీపం వేసుకునే కడిగాను. నిమిషం తిరక్కుండా పలకంతా కాటుకలా నల్లబడిపోయింది.

నరసింహంగారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశారు. "మీరేం చేస్తారండి, కెమెరా సందులోంచి వెలుతురు దూరినట్టుంది. విప్పి చూస్తాను" అని వెళ్ళిపోయారు. దీపం వేసుకున్న సంగతి నేను చెప్పలేదు.

మా డార్క్‌రూము అటెండరు పైడయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "బాబూ, ఆ మేస్టారు కెమెరా ఇప్పేస్తే ఈ పూటకి మళ్ళీ బిగించగల్రేటి? రేపు తిరిగిచ్చీయాలంట కదా. తప్పు మనది. ఎల్లి సెప్పీండి" అన్నాడు. మనది అనడం వాడి మర్యాద.

సైకిలెక్కి వెళ్ళాను. ఆయన డాబా మీద స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నారు. జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, "బతికించారు. విప్పేసి ఉంటే ఈ పూటా పోయేది. ఉండండి, ఓ చెయ్యి వేద్దురుగాని" అన్నారు.

దీపాలు పెట్టిన గంటకు రెండో పలక ఎక్కించాం. భూమి తిరిగేకొద్దీ చుక్కలు జారిపోతాయి కాబట్టి, పక్కనున్న చిన్న దుర్భిణిలో కన్ను పెట్టి, రెండు సన్నతీగలు కలిసేచోట ఒక చుక్కను నిలబెడుతూ మరను మెల్లగా తిప్పుతుండాలి. అలా నలభై నిమిషాలు. ఇద్దరం వంతులు వేసుకున్నాం. నా వంతులో ఊపిరి తీయడానికే భయపడ్డాను. తీగ మీంచి చుక్క జారుతోందంటే నేనూ, ఆ డాబా, ఊరు, నాగావళి అన్నీ కలిసి తిరుగుతున్నామన్నమాట. చిన్నప్పుడు బళ్ళో చదివిందే. కంటితో చూసేసరికి ఒళ్ళు జలదరించింది.

మర్నాడు పొద్దున్నే డార్క్‌రూము సందులన్నిటికీ గోనెపట్టాలు కట్టి, ఎర్రదీపం ఆర్పేశాను. అంకెలు మెరిసే గడియారం కూడా లోపల ఉండకూడదు కనుక పైడయ్య దాన్ని పట్టుకుని, నిమిషాలు చెప్పడానికి తలుపవతల నిలబడ్డాడు. ఎనామిల్ ట్రేలో మందు పోసి పలక ముంచాను. ఏమీ కనపడదు. "నాలుగైనాది బాబూ! ఇంకొక్కటే ఉన్నాది!" అని వాడు కేకేశాడు.

బొమ్మ చెరగకుండా చేసే ఫిక్సరు మందులో ఉంచి తీశాక దీపం వేసి, విరిగిన ఎముకలు చూసుకునే వెలుతురుపెట్టె మీద పలక పెట్టాను. నెగెటివు కనుక చుక్కలు నల్లగా పడ్డాయి. వాటి నడుమ రెక్కలు విప్పిన కొంగలా నీహారిక. కంటికి ఆనిన మసకలో ఇన్ని పొరలు, ఇన్ని మెలికలు ఉన్నాయని ఎవరైనా చెప్పినా నమ్మి ఉండేవాణ్ణి కాదు. తలుపవతల కాచుకుని ఉన్న నరసింహంగారినీ, పైడయ్యనూ లోపలికి పిలిచాను.

నరసింహంగారు పలక మీదకు వంగి చూస్తూ మెల్లగా, "ఈ వెలుతురు అక్కడ బయల్దేరేనాటికి, వెయ్యేళ్ళ నాటి మన ముఖలింగం గుడికి పునాది కూడా తవ్వలేదండి" అన్నారు.

"అప్పట్నుంచీ వస్తన్నాదేటి బాబూ?" అన్నాడు పైడయ్య. కాస్త ఆగి, "మరి నిన్న మనం కాల్సీసిన పలకలోదో?" అని అడిగాడు.

"అదీ అంతే" అన్నారు మేస్టారు.

ఎక్స్‌రే పాడైతే "నువ్వు కదిలావు" అని రోగి మీదకు నెట్టేయడం మా వృత్తిలో మామూలు. నేనూ అలాగే గదమాయించేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొత్త ఫిల్ము పెట్టె వస్తే అందులోని సూచనల కాగితం చదవందే వాడలేదు. పాడైన ఎక్స్‌రే చేతికొస్తే రోగిని అడిగేముందు దీపాన్నీ, మందునూ, నా చేతులనూ చూసుకున్నాను. రోగి కదలని సందర్భాలే ఎక్కువ.