పదో ఫారం

డిగ్రీలో నా సబ్జెక్టు ఉపాధి, సంక్షేమ పరిపాలన. ప్రాజెక్టు కోసం పదిమంది కూలీలను కలిసి ఫారాలు నింపాలి. ఈ రోజు పొద్దున్నే మెదక్‌లో కూలీల అడ్డాకు వెళ్లాను. పోయిన నెలలో ఎన్ని రోజులు పని దొరికిందని అడుగుతుంటే, ఒక్కొక్కరే ఆధార్ జిరాక్సు తీసి నా చేతిలో పెట్టారు. ఇది చదువు కోసమేనని ఎంత చెప్పినా వెనక్కి తీసుకోలేదు.

హవేలిఘనపూర్ నుంచి వచ్చిన అవ్వ అడిగింది: "మరి మాకు పని ఎప్పుడిస్తరు బిడ్డా?"

"నాకే పని లేదవ్వా. పని దొరుకుతదనే సదువుతున్న."

అవ్వ నావైపు జాలిగా చూసింది. "అయ్యో! గట్లయితే నీ పేరు గూడ గా ఫారంల రాసుకో బిడ్డా."

అవ్వది తొమ్మిదో ఫారం. పదోది ఇంకా ఖాళీగానే ఉంది. రాసుకోమంటారా?