మేకుల చింతమాను

పెళ్లయిన కొత్తలో, గుమ్మఘట్ట దగ్గర మా అత్తగారి ఊళ్లో జరిగింది ఇది. మా ఆయనకు అన్న, మా బావగారు, బెంగుళూరు నుంచి కొత్తగా మోటారు రంపం తెచ్చారు. ఉన్న గొప్పలు చాలక అదొకటి. వానల్లేక ఎండిపోయిన మా గట్టు మీది చింతచెట్టును తానే కోసి చూపిస్తానని ఊరందరినీ పిలిచారు.

వెనకట దయ్యం పట్టిన వాళ్లను తీసుకొచ్చి, మంత్రగాళ్లు ఆ దయ్యాలను ఆ చెట్టుకే మేకులతో దిగ్గొట్టేవారని మా అత్తగారు చెప్పారు. పెరిగిన బెరడులో అవి కనబడకుండా పోయాయి.

"బావా, మానులో ఇనుప మేకులుండాయి, చూసి కొయ్యండి" అన్నాను.

"దయ్యాలకు బయపడతాండావా? బడి మొగం చూడనిదానివి, మిషన్ల సంగతి నీకేం తెలుసమ్మా! పోయి సంగటి కెలుకుపో" అని నవ్వారు.

చెట్టుకు కట్టిన మోకు పట్టుకుని మా ఆయన దగ్గరలోనే నిలబడ్డారు. రంపం మేకుకు తగిలింది. నిప్పురవ్వలు లేచాయి. చైను తెగి ఎగిరి, మా ఆయన తలపాగాను చీల్చుకుంటూ పోయింది. దగ్గరికి పోయి ఆయన తల తడిమి చూశాను. నెత్తురు చుక్క లేదు.

బావగారు అప్పటికే రంపం పారేసి "దయ్యం, దయ్యం!" అంటూ పరుగెత్తారు. కాసేపటికి తిరిగొస్తే ఎవరో అడిగారు, "ఏమన్నా, బయపడేది ఆయమ్మ కదా, నువ్వేల ఉరికితివి?"

బావగారు తమ్ముడికేమైందనైనా అడగలేదు. "నా చైను యాడ పడిందో చూడండప్పా" అన్నారు.

నా పసుపుకుంకుమలు నిలిపిన కదిరి నరసింహస్వామికి నేటికీ రోజూ దీపం పెట్టి మొక్కుకుంటాను. బావగారి కాళ్లకు మాత్రం ఆ తర్వాత ఏ పండక్కీ మొక్కలేదు.